మైకు ఆటో ఎంతమందికి వినిపించింది

పోయిన వేసవిలో మా మిక్సీల రిపేరు షాపుకి మైకు ఆటో పెట్టాను. ప్రకటన నేనే రాశాను. తిరువూరంతా తిరిగి, పక్క ఊళ్ళు పెనుగొలను, నెమలి కూడా వెళ్ళి రమ్మని డ్రైవరుకి చెప్పాను.

సాయంత్రం అతను రాగానే, ఎంతమంది విన్నారయ్యా అని అడిగాను.

"నూట ఇరవై సార్లు వేశానండి."

ఎన్నిసార్లు వేశావని కాదు, ఎంతమందికి వినిపించిందని అడుగుతున్నానన్నాను.

"అదేనండి, నూట ఇరవై."

ఒక్కడే నూట ఇరవై సార్లు విన్నా నీ లెక్క అంతేనా అంటే, "విన్నట్టే కదండీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆరా తీస్తే, రోడ్డు బాగాలేదని అసలు ఊరు దాటనే లేదట. బస్టాండు దగ్గర టీకొట్టు నీడలో ఆటో ఆపి, మైకు అలా మోగుతూ వదిలేశాడట. కోపంగా ఆ టీకొట్టుకే వెళ్ళాను. నేనెవరో కొట్టాయనకి తెలియదు. మైకు సంగతి ఎత్తగానే, నేను రాసినదంతా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు, "మీ అందరికీ బాగా తెలిసిన పాత చోటే" అన్న చివరి మాటతో సహా. తర్వాత టీగ్లాసు నా చేతికిస్తూ అడిగాడు.

"ఇంతకీ ఆ షాపు ఎక్కడండీ?"