నీలం బల్బు కింద ముప్పై ఆరు పేజీలు

నమ్మకపోతే పోండి. నాకేం నష్టం లేదు. హారతి మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే మాట చెబుతాను. ఇది నా కళ్లతో చూసింది. ప్రతి శనివారం సత్సంగంలో ముప్పై మంది ముందు కూర్చుని సత్యమే పలకమని చెప్పేదాన్ని, ఈ ఒక్క విషయంలో అబద్ధం ఎందుకు ఆడతాను?

ఇంకో సంగతి కూడా ముందే చెబుతాను. చీకటికి జడిసే మనిషిని కాదు నేను. మా నాన్న నల్లగొండ దగ్గరి పల్లెలో భజన గురువు. అర్ధరాత్రి భజన ముగించుకుని, నన్ను భుజం మీద వేసుకుని, స్మశానం పక్క బాటనే ఇంటికొచ్చేవాడు. దేవుడి పేరు నోట్లో ఉన్నవాడికి ఏ బాటైనా ఒకటే అనేవాడు. ఆ చేతుల్లో పెరిగాను. అందుకే ఆ రాత్రి నా కాళ్లు వణికాయంటే... ఊరికే వణకలేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల వెనక గల్లీలో నాకు జిరాక్స్ షాపు ఉంది. హాస్టల్ పిల్లల నోట్సు, దరఖాస్తులు, పెళ్లి కార్డులు. రంగుల ప్రింట్ల కోసం ఒక లేజర్ ప్రింటర్ పెట్టాను. నీలం, ఎరుపు, పసుపు, నలుపు... నాలుగు రంగులకు నాలుగు డ్రమ్ములు. కాగితం ఒక్కొక్క డ్రమ్ము కిందుగా పోతూ ఒక్కొక్క రంగు పూసుకుని బయటికి వస్తుంది. ఆ రోజు అది పనిచేసి తీరాలి. సత్తెమ్మ పెద్దమ్మ కోసం.

పెద్దమ్మ మా చుట్టం కాదు. మా భజన మండలికి పెద్ద. బడంగ్‌పేట్‌లో ఉంటుంది. అక్షరం రాదు. కానీ నలభై ఏళ్లుగా కృష్ణుడి మీద పాటలు కడుతూనే ఉంది. నాట్లు వేస్తూ కట్టినవి, బియ్యం చెరుగుతూ కట్టినవి. ఆమె పాడుతుంటే ఫోన్లో పట్టుకుని, రెండేళ్లు కూర్చుని టైపు చేశాను. ముప్పై ఆరు పాటలు. ఆమె చదవలేదు కాబట్టి ప్రతి పాట పైన ఒక రంగుల బొమ్మ పెట్టాను. నీలం నెమలి కనిపిస్తే ఫలానా పాట, ఎర్రావు కనిపిస్తే ఫలానా పాట. ఆమెకు ఆ బొమ్మలే అక్షరాలు.

ఆమె గుండెలో కవాటం పాడైంది. ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో ఆపరేషన్. పొద్దున ఆరింటికి లోపలికి తీసుకుపోతామన్నారు. ముందురోజు సాయంత్రం నేను చూడబోతే నా మణికట్టు పట్టుకుంది.

"బిడ్డా, గా పాటల పుస్తకం లోపలికి పోకముందు ఒక్కపారి నా చేత్ల పెట్టు. తర్వాత ఉంటనా పోతనా, అది ఆయనిష్టం."

పెడతానన్నాను. మాట ఇచ్చాను.

రాత్రి తొమ్మిదింటికి షట్టర్ సగం దించి పని మొదలుపెట్టాను. మొదటి పేజీ బయటికి వచ్చింది. కృష్ణుడి ముఖంలో నీలం లేదు. నిలువునా తెల్లటి చారలు, మధ్యమధ్య గులాబీ రంగు. నెమలి అయితే కోడిలా ఉంది. పెద్దమ్మ గుర్తుపట్టేది కాదు.

మా మెకానిక్ ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఆయనది గుంటూరు. ఆ రోజు వాళ్ల ఊళ్లో పెళ్లికి పోయాడు. వెనక సన్నాయి వినిపిస్తోంది. ముహూర్తం తెల్లవారుజామున, ఎటూ మేలుకునే ఉంటాను, ఎన్నిసార్లైనా చెయ్యండి అన్నాడు. మంచివాడే. దేవుణ్ణి మాత్రం నమ్మడు, నన్ను ఆటపట్టించకుండా ఉండలేడు. లోపల లేజర్ వెలుగు వచ్చే గాజు మీద దుమ్ము పట్టి ఉంటుంది, మిషన్‌తో వచ్చిన సన్న పుల్లతో తుడవండి అన్నాడు. తుడిచాను. రంగులు సరిచూసుకునే కాలిబ్రేషన్ చేయించాను. నీలం వచ్చింది.

తర్వాత ఎర్ర చుక్కలు మొదలయ్యాయి. ఒకే వరసలో మూడు.

"స్కేలు పెట్టి కొలవండి పద్మగారూ. చుక్కకీ చుక్కకీ మధ్య ఎంతుంది?"

తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. మళ్లీ తొమ్మిదిన్నర.

"అయితే ఎర్ర డ్రమ్మే. గుండ్రంగా తిరిగేది కదండీ, మచ్చ ఉంటే ఎప్పుడూ ఒకే దూరంలో పడుతుంది. అది మారదు. మెత్తటి దూదితో తుడవండి. లేదంటే మీ స్వామికి చెప్పండి, ఆయనే తుడుస్తాడు."

ఆయనే మీతో చెప్పించాడులే అన్నాను. తుడిచాను. చుక్కలు పోయాయి. ఈ కొలత సంగతి గుర్తుంచుకోండి. గుండ్రటిది ఒకే దూరంలో మచ్చ వేస్తుంది. అది మారదు.

ఈ తంటాల్లో మందం కాగితాలు నాలుగు పాడయ్యాయి. మిగిలినవి సరిగ్గా ముప్పై ఆరు. ఆ వేళప్పుడు ఏ షాపు తెరిచి ఉంటుంది? ఒక్కొక్క పేజీ ఊపిరి బిగబట్టి తీశాను. ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాను. శుభ్రంగా వచ్చాయి. అంచులు పాలలా తెల్లగా ఉన్నాయి. ముప్పై ఆరో పేజీ వచ్చేసరికి ఒంటిగంటన్నర అయింది. ట్రేలో కాగితం అయిపోయింది.

కాసేపు నడుం వాలుద్దామని ట్యూబ్‌లైటు ఆపాను. కృష్ణుడి పటం ముందు నీలం రంగు జీరో బల్బు ఒకటి ఎప్పుడూ వెలుగుతుంది. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. షాపంతా నీలం అయింది. కాగితాలు సర్దుదామని బల్లమీద చెయ్యి పెట్టాను.

పైనున్న మొదటి పేజీ అంచున ఏదో ఉంది.

నా వేలి నీడ అనుకున్నాను. చెయ్యి తీశాను. అది పోలేదు. నల్లగా... బొటనవేలంత... నడుమ సన్నగా, రెండు చివర్లా వెడల్పుగా. ఒక చివర చిన్న చిన్న చుక్కలు. తడి కాలితో గచ్చు మీద నడిస్తే పడుతుందే... ఆ ఆకారం.

ట్యూబ్‌లైటు వేశాను. లేదు. తెల్ల కాగితం.

ఆపాను. ఉంది.

మళ్లీ వేశాను. లేదు.

నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి నా వేలు స్విచ్చి మీద జారింది, చెమటకు. ప్రింటర్ లోపల రోలర్ ఒకసారి కదిలింది. గిర్ర్... టక్. ఊరికే ఉన్నప్పుడు కూడా అది అలా కదులుతుంది, నాకు తెలుసు. రోజూ వింటాను. ఆ రాత్రి మాత్రం ఆ టక్ తర్వాత ఇంకొకటి కోసం ఎదురుచూశాను. రాలేదు.

ప్రసాద్ గారికి ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు.

"అది పసుపండీ. తెల్ల కాగితం మీద పల్చటి పసుపు మన కంటికి ఆనదు. నీలం వెలుగులో అదే నల్లగా కనపడుతుంది. మేమూ అలాగే పట్టుకుంటాం. పసుపు డ్రమ్ము మీద మరకుంది, అంతే. స్కేలు పెట్టండి."

ప్రాణం లేచి వచ్చింది. నిజంగా. స్కేలు తీసుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, నీలం వెలుగులో కొలిచాను.

తొమ్మిదిన్నర.

తర్వాతది... పదకొండు.

రెండో పేజీలో ఎనిమిది. ఆ తర్వాత పది.

చెప్పాను. అటువైపు సన్నాయి మోగుతోంది. ప్రసాద్ గారు దానికి దూరంగా జరిగినట్టున్నాడు. "సరిగ్గా కొలిచారా?" అన్నాడు. మళ్లీ కొలిచాను. అవే. లోపల కాగితాన్ని మోసే బెల్టు జారుతోందేమో అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "ఇక పడుకోండి. పొద్దున చూద్దాం," అని పెట్టేశాడు.

పడుకోవాలా? ఎట్లా పడుకుంటాను?

కాగితాలన్నీ వరసగా నేలమీద పరిచాను. ఒకటి, రెండు, మూడు... ఒకదాని తల ఇంకొకదాని కాలికి తగిలేలా. షాపు చాలలేదు, మలుపు తిప్పి రెండో వరస పెట్టాను. అప్పుడు లేచి నిలబడి చూశాను.

ఒకటి ఎడమకు. ఒకటి కుడికి. ఒకటి ఎడమకు. ఒకటి కుడికి.

ఒక పేజీ చివర ఎడమ పడితే, తర్వాతి పేజీ మొదట్లో కుడి పడింది. ఎక్కడా తప్పలేదు. కాగితాల మధ్య నిమిషాలకొద్దీ తేడా ఉంది. నేను ఫోన్ మాట్లాడాను, చాయ్ తాగాను, తలుపు దాకా పోయి వచ్చాను. అది మాత్రం ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే నడిచింది. పేజీ వెంట పేజీ. ఇరవై రెండో పేజీ దాకా. ఆ పేజీలో రెండు మచ్చలూ పక్కపక్కన పడ్డాయి.

రెండు పాదాలూ కలిపి.

నిలబడినట్టు.

ఇరవై మూడు నుంచి ఏమీ లేదు. ముప్పై ఆరు దాకా శుభ్రంగా ఉంది.

ఆ ఇరవై రెండో పాటలో ఏముందో చదివాను. చల్ల చిలికే పాట. పైన కుండ బొమ్మ. ఎంత వెతికినా అందులో నాకు ఏ అర్థమూ దొరకలేదు. కల్పించి చెప్పమంటే చెప్పగలను, పాతికేళ్లుగా వ్యాఖ్యానాలు విన్నదాన్నే. చెప్పను.

అప్పుడు వణికాయి నా కాళ్లు. నామం చెప్పుకుందామంటే నాలుక తిరగలేదు. ఒక్క అక్షరం... ఒక్కటి కూడా రాలేదు. నాకు దానికే కోపం వచ్చింది. పుట్టినప్పటి నుంచి నా నోట్లో ఉన్న పేరు అది. దాన్ని ఎవరో లాగేసుకోవడం ఏంది? నిలబడి, ఎవరూ లేని షాపులో గట్టిగానే అన్నాను.

"ఎవరివైనా సరే. దేవుడివైతే కూర్చో. ఇంకేదన్నా అయితే బయటికి పో. నేనైతే ఈ పుస్తకం ఆపను. మాట ఇచ్చిన."

ఏమీ జరగలేదు. బల్బు ఆరలేదు, గాలి వీచలేదు. గల్లీలో ఒక కుక్క కూడా మొరగలేదు.

వేరే కాగితం లేదు. ఈ పేజీలే తీసుకుపోవాలి, లేదా ఉత్త చేతులతో పోవాలి. ఆ మచ్చలున్న పుస్తకాన్ని చావుబతుకుల మధ్య ఉన్న మనిషి చేతిలో పెట్టొచ్చా? ఎవర్ని అడగను? చివరికి నామాన్నే మళ్లీ మొదలుపెట్టాను, గుక్క గుక్కగా. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క కాగితం నేలమీది నుంచి ఎత్తాను. ముప్పై ఆరు పేర్లు. స్పైరల్ బైండింగ్ చేశాను. ఒక్క రంధ్రం పక్కకు పోలేదు.

ఐదింటికి ఆటో పట్టుకుని ఎల్బీ నగర్ పోయాను. పెద్దమ్మ ఆకుపచ్చ గౌనులో ఉంది. జుట్టుకు టోపీ పెట్టారు. తెల్లటి ట్యూబ్‌లైట్లు, పట్టపగల్లా ఉంది. పుస్తకం ఒళ్లో పెట్టాను. నెమలిని చూసి ఆ పాట రెండు ముక్కలు కూనిరాగం తీసింది. ఆవును చూసి ఇంకో రెండు. ముఖం ఎట్లా వెలిగిందో చెప్పలేను. పేజీలు తిప్పుతూ పోయింది. నేను ఏమీ చెప్పలేదు. ఒట్టు, ఒక్క మాట కూడా చెప్పలేదు.

కుండ బొమ్మ దగ్గర ఆగింది. కింది అంచున, తెల్లగా ఉన్నచోట, చూపుడు వేలు పెట్టింది.

"ఎవలో నడిశిర్రు బిడ్డా దీని మీద," అంది. నెమ్మదిగా. "ఈడికొచ్చి నిలవడ్డరు."

ఎవరు పెద్దమ్మా అని అడిగేలోపు నర్సు వచ్చింది. పుస్తకం నా చేతికిచ్చి, మంచాన్ని తోసుకుంటూ తీసుకుపోయారు. ఐదు గంటలు ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని బల్లమీద కూర్చున్నాను.

పెద్దమ్మ బతికింది. బాగుంది. తర్వాత అడిగితే, "నేనట్లన్ననా? యాదికి లేదు. ముందే మత్తు సూది ఇచ్చిరి గద," అంది. సూది ఇచ్చిన మాట నిజమే. నర్సును కూడా అడిగాను.

ప్రసాద్ గారు వచ్చి పసుపు డ్రమ్మూ బెల్టూ మార్చాడు. అదే ఫైలు మళ్లీ తీసి నీలం వెలుగులో చూశాం. ఏమీ లేదు. బెల్టు జారిందండీ అంటాడు ఇప్పటికీ. బెల్టు జారితే అడుగు తడబడాలి కదా అంటాను. సత్సంగంలో ఒకావిడ ఆ పుస్తకాన్ని పటం పక్కన పెట్టి పూజ చేద్దామంది. ఇంకొకావిడ కాల్చేయమంది. ఇద్దరికీ కుదరదన్నాను. అది పాటల పుస్తకం. పాడుకోవడానికి ఉంది. దేవుడు కనిపిస్తే వణికిపోయిన భక్తుల కథలు నాకూ తెలుసు. దేవుడి వేషం వేసుకుని వచ్చినవాళ్ల కథలూ తెలుసు. నాది ఏ కథో నాకు తెలియదు. తెలుసని చెబితే అది అబద్ధం.

ఇప్పుడు ప్రతి శనివారం పెద్దమ్మ ఆ పుస్తకం ముందు పెట్టుకునే పాడుతుంది. నేను పక్కన తాళం వేస్తాను. కుండ బొమ్మ పేజీ వచ్చేసరికి, పాట ఆపకుండానే, చాప మీద ఒక జానెడు పక్కకు జరుగుతుంది. భజనకు ఎవరైనా ఆలస్యంగా వస్తే జరుగుతామే, అలా. ప్రతిసారీ జరుగుతుంది. మొన్న ఉండబట్టలేక ఎందుకని అడిగాను.

కాలు తిమ్మిరెక్కింది అంది.