క్యాసెట్ సందుల దూది

నిన్న ఖేడ్‌ల మొబైల్ షాపాయన దగ్గర, పాట ఫోన్లకు ఎక్కియ్యమని, నా పాత క్యాసెట్ బయటికి తీసిన. సందుల కుక్కిన దూది ఇంక అట్లనే ఉన్నది. మన సిర్గాపూర్ పిల్ల, ఇప్పుడు హైదరాబాద్ స్టేజీల మీద పాడుతున్న పాప్ సింగర్, తొలిసారి మైకు పట్టిన పాట అండ్లనే ఉన్నది. మీరంత అడుగుతున్నరు కదా.

దోస్తులారా, యాదికున్నదా? పాటలు చెరిగిపోవద్దని క్యాసెట్ అంచుకుండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఇరగ్గొట్టేటోళ్లం. మళ్ల నింపాలంటే ఆ సందుల దూది కుక్కేటోళ్లం.

ఆ క్రిస్మస్ నాడు చర్చి కాంపౌండ్ల ఆమె పాడుతుంటే నా తాన ఖాళీ క్యాసెట్ లేకుండె. మా బాపు మస్కట్ నుంచి మాట్లాడి పంపిన క్యాసెట్‌కు దూది కుక్కి, టేప్‌రికార్డర్‌ను మైకు డబ్బా కింద పెట్టి పాట నింపిన. బాపు ఇంకోటి పంపుతడు తియ్ అనుకున్న. పంపలే. ఎండకాలం రాకముందే అక్కడ్నే సచ్చిపోయిండని కబురొచ్చింది.

ఆ దినం బాపు గొంతు ఇందామని అమ్మ బటన్ ఒత్తింది. పాటొచ్చింది. పాట అయిపోయేదాంక ఇని, టేప్ బంద్ చేసి, "పోరి మంచిగ పాడింది" అన్నది.

నిన్న షాపాయన ఇయర్‌ఫోన్ పెట్టుకొని మొత్తం ఇన్నడు.

"పాట సూపరున్నది అన్నా. ఆఖర్ల ఎవరో 'ఇగ ఉంటా, అందరు పైలం' అంటుండు. కట్ చెయ్యాల్నా?"

తల ఊపిన. ఎందుకు ఊపిన్నో తెల్వదు. కట్ చేసిండు.

ఇగో, పాట కింద పెట్టిన. ఇనుండ్రి. సాఫ్‌గ ఉన్నది.