గెడ్డ గడిలో రాసిన ‘నిల్’

1926లో వానలు తగ్గుముఖం పట్టాక నన్ను అరకు లోయకు మలేరియా సర్వేకు వేశారు. అప్పటికి నేను లాబొరేటరీ అసిస్టెంటును. నా పైన ఒక డాక్టరుగారు. రోడ్డు కూలీల గుడిసెల్లో జ్వరాలు ఎందుకు ఆగడం లేదో తేల్చడం మా పని.

పద్ధతి పుస్తకంలోనే ఉంది. పిల్లల ఎడమ డొక్క కింద నొక్కి బల్ల, అంటే ప్లీహం, పెరిగిందేమో చూడాలి. చుట్టుపక్కల ప్రతి నీటిలోనూ తెల్లటి గరిటె ముంచి దోమపిల్లల్ని వెతకాలి. దొరక్కపోతే ఫీల్డు బుక్కులో ‘నిల్’ అని రాయాలి. నిల్ అంటే వెతికాం, లేవు అని.

గుడిసెల పక్కనే గెడ్డ పారుతోంది. ఆ వైపు కొండవాగును అలాగే అంటారు. నేను మైదానంలో పెరిగినవాణ్ణి. దోమలు మురికి గుంటల్లోనే పుడతాయని నా నమ్మకం. పారే నీటి దగ్గర పొద్దు పుచ్చొద్దని డాక్టరుగారూ అన్నారు. గరిటె ముంచకుండానే గెడ్డ గడిలో నిల్ రాసేశాను. పది రోజులు గుంటల్లో కిరసనాయిలు పోయించాం. జ్వరాలు తగ్గలేదు.

రాళ్లు మోసే చిలకమ్మ అనే కొండ ముసలామె మనవరాలికి బల్ల బొడ్డుదాకా దిగింది. పదకొండో రోజు ఆ పిల్లను చూడబోతే చిలకమ్మ నా మీద విసుక్కుంది.

“గోతుల్లో ఏటి సేత్తన్నారు బాబూ? గెడ్డ అంచున గడ్డి కాడ సూడండి. పొద్దుగూకితే దోమలు అక్కణ్నించే లెగుత్తాయి. మావోళ్లు గెడ్డ పక్కన ఇల్లు కట్టరు. నీళ్లు దగ్గరని మేస్త్రీ ఇక్కడేయించాడు.”

నాకు నవ్వొచ్చింది. అయినా వెళ్లి గడ్డి మొదట్లో గరిటె ముంచాను. మొదటిసారికే దోమపిల్లలు వచ్చాయి.

గుడిసెల్ని దూరంగా మిట్ట మీదికి మార్పించాం. జ్వరాలు తగ్గాయి. మార్చడానికి రెండు రోజుల ముందు చిలకమ్మ మనవరాలు పోయింది.

అచ్చయిన రిపోర్టులో మేము మొదటి నుంచీ నీళ్లన్నీ వరసగా పరీక్షించి గెడ్డ అంచుల్ని గుర్తించినట్టుంది. చిలకమ్మ లేదు. నా నిల్ లేదు. అడిగితే డాక్టరుగారు, ఎలా వెతకాలో రాస్తారు గానీ ఎలా తడబడ్డామో ఎవరు రాస్తారయ్యా, ఆ తప్పులో సగం నాది అన్నారు. ఆయన మంచివారే. ఆ తర్వాత నేను చదివిన రిపోర్టులూ చాలావరకు అలాగే నున్నగా ఉండేవి.

ఉద్యోగం చివరి ఏళ్లలో కొత్త ఇన్‌స్పెక్టర్లకు ఆ రిపోర్టునే పాఠంగా చెప్పాల్సి వచ్చింది. దాని పక్కన నా పాత ఫీల్డు బుక్కు తెరిచి పెట్టేవాణ్ణి. గరిటె ముంచని చోట నిల్ రాయకండి, గడి ఖాళీగా వదిలేయండి అనేవాణ్ణి. నేను రాశాను. ఆ పది రాత్రులూ ఆ పిల్ల గెడ్డ పక్కనే పడుకుంది.