తెరమీద కదిలినవి

మా ఆసుపత్రిలో స్కానింగ్ తీసే ఆవిణ్ణి అందరూ మూగక్క అనేవారు. మూగదేం కాదు. తోటికోడలితో పోట్లాటకు దిగితే వీధి చివరిదాకా వినపడేది. స్కానింగ్ గదిలో మాత్రం నోటికి తాళం. తీసేవాళ్లు తీయాలి, చెప్పేది డాక్టరు చెప్పాలి. అదీ పద్ధతి. ఆ పద్ధతి పెట్టిన మహానుభావులు ఆ చీకటి గదిలో ఒక్క పూట కూర్చుని ఉంటే తెలిసొచ్చేది.

బోదకాలు ముదిరాక ఎవరైనా కనిపెడతారు. పిల్లల్లో వాపు రాకముందే గజ్జల దగ్గర స్కాన్ చేస్తే, లోపలి సన్నటి నాళాల్లో బతికున్న పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. అందుకే బడిపిల్లల్ని పంపేవారు. మూగక్క జెల్లీని అరచేతిలో కాస్త వెచ్చచేసి మరీ రాసేది. నేను తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచేదాన్ని.

ఒకరోజు బట్టలు కుట్టే ఆవిడ కూతుర్ని తీసుకొచ్చింది. చలాకీ పిల్ల, బల్లమీద కూడా కాళ్లు ఊపుతూనే ఉంది. తెరమీద దారప్పోగుల్లాంటివి కదిలాయి. ఆ తల్లి అంతకుముందు స్కానింగ్ చూసింది కడుపుతో ఉన్నప్పుడే.

"కదులుతోంది కదక్కా! అంతా బాగున్నట్టేగా?" అంది సంబరంగా.

మూగక్క జెల్లీ తుడవడానికి ఆమె చేతికి గుడ్డ అందించింది. "డాక్టరు గారిని కలిసి వెళ్లమ్మా" అని మాత్రం అంది.

డాక్టరు గది ముందు చాంతాడంత వరస. అంతా బాగుందనుకున్న మనిషి అక్కడెందుకు పడిగాపులు కాస్తుంది? ఇంటికెళ్లిపోయింది. తర్వాత ఇంటింటికీ బోదకాలు మాత్రలు పట్టుకెళ్లిన ఆసుపత్రివాళ్లని కూడా, "మా పిల్లకేం లేదు, నా కళ్లతో నేను చూశాను" అని గుమ్మంలోంచే పంపేసింది. మూగక్కకి ఆ సంగతి తెలిసి రెండు పూటలు అన్నం సయించలేదు. అయినా ఆ ఇంటికి వెళ్లలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఆ భయాన్ని నేనూ తప్పుపట్టలేను, నాదీ అదే బతుకు.

ఏళ్లు గడిచాయి. ఆ పిల్ల ఈసారి కుంటుకుంటూ వచ్చింది. ఒక కాలు మోకాలి దాకా ఉబ్బిపోయింది. మూగక్క చాలాసేపు వెతికింది. తెరమీద ఏదీ కదల్లేదు.

"అప్పుడు కదిలింది కదక్కా, ఇప్పుడు కదలదేం?" అంది తల్లి.

"అవి పురుగులమ్మా. చచ్చిపోయాయి. నాళాలు పాడుచేసి మరీ చచ్చాయి" అంది మూగక్క, ఈసారి పద్ధతిని పక్కనపెట్టి.

"పోయాయిగా, మరి కాలు మామూలుగా అయిపోతుందా?" అంది పిల్ల.

"అవదు తల్లీ. ఇంకా పెరక్కుండా చూసుకోవాలంతే."

తల్లి గుడ్డ తీసుకుని కూతురి ఒంటిమీది జెల్లీ తుడవసాగింది. అంతా పోయాక కూడా తుడుస్తూనే ఉంది.