నెహెమ్యా ఎడమకాలు

నెహెమ్యా కారుకు మళ్లీ క్లచ్ పోయింది. ఏడాది తిరక్కుండానే రెండోసారి. సంగనకల్లు దాటాక కాలువ బ్రిడ్జి ఎక్కేచోట ఇంజిను గొంతు చించుకుందే గానీ బండి కదల్లేదు, పైగా మాడు వాసన. వెనకసీట్లోని మోక ఊరి బడి టీచర్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకొని దిగి బస్సెక్కారు. వాళ్లలో పెద్దావిడ ప్రమీలమ్మ పోతూ పోతూ చెప్పింది, ఇంకోసారి ఇట్లయితే వేరే బండి చూసుకుంటామని. ఆ టీచర్ల బాడుగ తప్ప అతనికి వేరే ఆధారం లేదు.

తప్పంతా మెకానిక్ సిద్ధేశ్‌దేనని తేల్చుకున్నాడు. నాసిరకం ప్లేటు వేసి చేతులు దులుపుకున్నాడని దారిపొడవునా తిట్టుకుంటూ బండిని షెడ్డుకు లాగించాడు.

సిద్ధేశ్ బండెక్కాడు. హ్యాండ్‌బ్రేకు బిగించి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ బాగుంటే ఆగిపోవాల్సిన ఇంజిను సిగ్గులేకుండా తిరుగుతూనే ఉంది. గేరుబాక్సు దించి, రివిట్లు తేలి నల్లగా మాడిన ప్లేటును నెహెమ్యా చేతిలో పెట్టాడు.

"ప్లేటు మంచిదేప్పా. ఎవరో సుమ్నే, ఊరికే క్లచ్ తొక్కిపెట్టి అరగదీసినారు."

"నేను తప్ప ఈ బండి ఎవరు తోలుతారు?"

"నేను చెప్పేదీ అదే."

నెహెమ్యాకు ఒళ్లు మండిపోయింది. సగం బతుకు ఖనిజం లారీల్లో గడిపినవాడికి తోలడం నేర్పుతాడట!

కొత్త ప్లేటు పడ్డాక సిద్ధేశ్ పక్కసీట్లో కూర్చున్నాడు. మోక రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. టాప్ గేరులో బండి సాఫీగా పోతోంది.

"ఎడమకాలు యాడుండాదప్పా?"

"కింద."

"చూడు."

చూశాడు. కాలు క్లచ్ మీదే ఉంది. తీశాడు. కాసేపటికి అతనికే తెలియకుండా మళ్లీ అక్కడికే చేరింది.

ఖనిజం జోరుగా నడిచిన రోజుల్లో రోడ్డంతా లారీల వరసే. ముందు బండికీ మనకూ జానెడు సందుంటే చాలు, పక్కవాడు దూర్చేవాడు. అందుకే పొద్దస్తమానం సగం క్లచ్ మీదే లారీని పాకించాలి. ప్లేటు మాడితే మాడనీ, సందు మాత్రం ఇవ్వొద్దని ఓనరు ఆర్డరు. ఆ ఓనర్లు మేడలు లేపారు, ఖనిజం ఆగగానే లారీలమ్ముకొని మొహం చాటేశారు. నెహెమ్యాకు మాత్రం ఈ దిక్కుమాలిన కాలు మిగిలింది.

"ఇది ఇంక మారేది కాదప్పా," అన్నాడు సిద్ధేశ్ మెల్లగా. "డెబోరాకు లైసెన్సు ఉండాది కదా. బండి పాపకియ్యి."

కూతురికి తాళాలిచ్చేటప్పుడు నెహెమ్యాకు ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడు దారి చూపిస్తానని తనూ ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆ దారి డెబోరాకు చిన్నప్పట్నించీ తెలుసు. బండి కాలువ బ్రిడ్జిని ఇట్టే ఎక్కేసింది.

"ఈ పొద్దు ఎంత మెత్తగా పోతాండాది," అంది వెనకనుంచి ప్రమీలమ్మ. "ముందే పాపకిచ్చింటే మాకీ తిప్పలు ఉండేటివి కావు కదప్పా."

"అవును మేడమ్," అన్నాడు నెహెమ్యా.

డెబోరా గేరు మార్చింది. పక్కసీట్లో అతని ఎడమకాలు ఉత్త నేలను తొక్కింది. గేరు పడ్డాక డెబోరా కాలు తీసేసింది, అతను తియ్యలేదు.