అగస్టిన్ బాబాయి దాపరికాలు

అగస్టిన్ బాబాయి రెండు చేతులూ మోచేతుల దాకా పాత హార్మోనియం పొట్టలో ఉన్నాయి. కాలితో తొక్కి వాయించే ఆ హార్మోనియం తిత్తి చిరిగి చాలా ఏళ్లయింది. అయినా చర్చిలో దాని చోటు దానిదే. బాబాయి దాని పొట్టలోకి ఒక స్పీకరు ఎక్కించి, చుట్టూ పాత దుప్పటి ముక్కలు కుక్కి, చెక్క తలుపు మూశాడు. తరువాత వెనక్కి నడిచి కళ్లు చికిలించి చూశాడు.

"కనబడతందేటిరా అశోకా?"

"లేదు బాబాయ్."

"వొంగి సూడు."

వంగి చూశాను. "లేదు."

"కనబడిందంటే పని సగమే అయినట్టు," అని చేతులు దులుపుకున్నాడు.

బాబాయి గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన దాస్తాడు. పుట్టుకతో కొందరికి పాట వస్తుంది, కొందరికి లెక్కలు వస్తాయి. ఆయనకు దాచడం వచ్చింది. జంషెడ్‌పూర్‌లో సౌండ్ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లంతా పెట్టెలు మనిషెత్తున పేర్చి, వాటి మీద తమ పేరూ ఫోన్ నంబరూ రాయించుకుంటారు. బాబాయి స్పీకరు పెట్టాడంటే అది అక్కడ ఉన్నట్టు దానికే తెలియదు.

మాంగో పేటలో ఆయన ఇంట్లో వైరన్నది కంటికి కనబడదు. లైటు వెయ్యాలంటే క్యాలెండరు ఎత్తాలి. ఫ్యాను తగ్గించాలంటే బీరువా వెనక చెయ్యి పెట్టి తడమాలి. కాలింగ్ బెల్ మీట గేటు పక్క మందారం కుండీ వెనక ఉంటుంది. చుట్టాలు వీధిలో నిలబడి కేకలు పెట్టడానికే అలవాటు పడ్డారు.

"మా ఇంటికి బెల్లుంది నాయనా," అనేది త్రేసమ్మ పిన్ని. "వొచ్చినోళ్లకే తెల్దు."

"తెలిసినోళ్లకి బెల్లెందుకే," అనేవాడు బాబాయి.

ఆయనకు షుగర్ వచ్చాక పిన్ని మిఠాయిలు దాచడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండా మానేసింది. "దాసడంలో ఈయనతో పోటీయేటి నాకు? కందిపప్పు డబ్బా అడుగున లడ్డూలు పెడితే, తినేసి, పప్పు మళ్లీ సదునుగా పోసి మూతెట్టేసినాడు."

ఒక ఏడాది బారిడీహ్‌లో దుర్గాపూజ పందిరికి సౌండ్ పెట్టాం. ద్వారానికి కట్టిన అరటిచెట్ల మధ్య బాబాయి స్పీకరు దాచాడు. కమిటీవాళ్లు వచ్చి చూస్తే ఏమీ కనబడలేదు. మేం ఎగ్గొట్టామనుకుని ఇంకొకడికి ఫోన్ చేస్తున్నారు. ఈలోగా ఎవరిదో మేక వచ్చి అరటాకు అందుకుంది. సరిగ్గా అప్పుడే పందిరి వెనక బాబాయి మైకు పరీక్షించాడు. "హలో" అంది అరటిచెట్టు. కమిటీవాళ్లు ఫోన్ పెట్టేశారు. ఆ మేక మాత్రం ఆ వీధిలోకి మళ్లీ రాలేదు.

గోవింద్‌పూర్ పెళ్లింట్లో దాచిన ఒక స్పీకరైతే బాబాయికే దొరకలేదు. ఆ పెళ్లికూతురి కొడుకు బారసాలకు ఇంటికి సున్నాలు వేస్తుంటే అటక సందులో బయటపడింది. వాళ్లు తెచ్చి ఇచ్చారు. బాబాయి వైరు తగిలించి, "పాడతంది" అని మురిసిపోయాడు. దొరికినందుకు కాదు, అంతకాలం ఎవరికంటా పడనందుకు.

అలాంటి మనిషికి బారిడీహ్ అవతల, ఆ హార్మోనియం ఉన్న పాత చర్చి పని వచ్చింది. కంపెనీ పనికి విజయనగరం వైపు నుంచి వచ్చి ఆ చర్చి కట్టుకున్న తరంవాళ్ల కథను ఫాదర్ గారు షోగా చేయిద్దామనుకున్నారు. తెర లేదు, వేషాలు లేవు. జనం మసక వెలుతురులో బెంచీల మీద కూర్చుంటారు. చుట్టూ వచ్చే చప్పుళ్లే కథ చెబుతాయి: రేకుల కప్పు మీద వాన, ఊరంతటినీ నిద్ర లేపిన కంపెనీ సైరను భోంపు, వరండాలో మొదటి తెలుగు ప్రార్థన. అవన్నీ రాసి రికార్డు చేసింది పిన్ని మేనకోడలు క్రిస్టీ, కోల్‌కతాలో నాటకాలు నేర్చుకున్న పిల్ల. పాత గోడకు ఒక్క మేకు కొట్టకూడదు, ఒక్క పెట్టె కనబడకూడదు అని ఫాదర్ గారి షరతు. ఆ మాట వినగానే బాబాయి ముఖం పెళ్లికొడుకు ముఖమైంది.

ఇటుకల మధ్య సున్నపు గీతల వెంట వైర్లు అతికించాం. ఇటుకలు దాటాల్సిన చోట బాబాయి ఇటుకపొడి జిగురులో కలిపి వైరుకు పూశాడు. రంగు కుదరలేదని గీకేసి మళ్లీ పూశాడు. నాకు గోడేదో వైరేదో తెలియడం మానేసింది.

ఒకరోజు ఫాదర్ గారు పాటల పుస్తకాల బీరువాకు ఆనుకుని అడిగారు. "అగస్టిన్, స్పీకర్లు ఎప్పుడు తెస్తావయ్యా?"

"తమరు ఆనుకుంది దానికే ఫాదర్."

ఫాదర్ గారు ఎవరి కాలో తొక్కినట్టు పక్కకు జరిగారు.

అన్నీ కుదిరాయి, తోమాస్ తాత గంట తప్ప.

తాత కుర్రతనం నుంచీ ఆ చర్చి గంట కొడుతున్నాడు. ఉద్యోగం మాత్రం ఒక కార్ఖానా హేమర్ షాపులో. కాలిన ఇనుము మీద ఇంటంత సుత్తి పడే చోటు. చెవులు అక్కడే ఇచ్చేసి వచ్చాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. షో చివర్లో విజయనగరం నుంచి ఆ గంటను తెచ్చిన రైలు బయలుదేరుతుంది, బెంచీల పక్కనుంచే వచ్చినట్టు వచ్చి ఆగుతుంది. చప్పుడంతా అణిగిపోతుంది. అప్పుడు నిజం గంట మోగాలి. గంటగది వెనక గోడ అవతల ఉంది. షో జరిగేటప్పుడు దాని తలుపు మూసేస్తాం.

మొదటి రిహార్సల్లో రైలు విజయనగరంలో కదలకముందే తాత గంట కొట్టేశాడు. రెండోసారి రైలు వచ్చింది, ఆగింది. నిశ్శబ్దం. ఇంకా నిశ్శబ్దం. ఫాదర్ గారు దగ్గారు. లైట్లు వేసి అందరం టీ గ్లాసులు పట్టుకున్నాక గంట మోగింది.

క్రిస్టీ నా దగ్గరకు వచ్చి, తాత గంట బదులు రికార్డు గంటే వేసేద్దామని హిందీలో మెల్లగా అంది. "భయ్యా, గంట భీ రికార్డ్ కర్ లియా హై. వహీ బజా దేంగే."

ఎదుట నిలబడి అరిచినా వినబడని తాతకు, గంట మాట మాత్రం ఎంత మెల్లగా అన్నా వినబడుతుంది. గంటగది గుమ్మంలోంచి, "రికాడు గంటయితే తాడెందుకు?" అన్నాడు. "తాడు నేకపోతే నేనెందుకు?"

అందరం తాడు వైపు చూశాం. ఆ తాడు పట్టుకునేచోట ఆయన అరచేతుల వల్ల నల్లగా నిగనిగలాడుతోంది.

"ఎర్రబల్బు ఒకటి పెడతాను తాతా," అన్నాను. "వెలగ్గానే కొట్టు."

"బలుబు సూసి కొట్టడానికి నేనేటి మీ రైల్వే గేటు మేన్నా? ఇనే కొడతాను. నా సెవులికేటయింది?"

బాబాయి అప్పటిదాకా ఏదో వైరు కొస ఒలుస్తున్నాడు. తల ఎత్తకుండానే, "రేపు ఇంకొక్కపాలి సూడు క్రిస్టీ," అన్నాడు. "రేపు తప్పితే నీ రికాడింగే పెడుదుం."

"పక్కా, ఫూఫా?" అని మేనత్త మొగుణ్ణి అడిగింది.

"పక్కా."

తరువాత నన్ను ఇటుకపొడి తెమ్మని బజారుకు పంపాడు. ఇటుకపొడి అప్పటికే అరబస్తా ఉంది.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాం. వాన కురిసింది, భోంపు మోగింది, విజయనగరంలో రైలు కూత వేసింది. క్రిస్టీ వేలు రికార్డు గంట మీట మీదే ఉంది. రైలు వచ్చింది, ఆగింది. అందరి తలలూ వెనక గోడ వైపు తిరిగాయి. ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ లేదు. ఆ తరువాత గంట, చర్చి పునాది కదిలేలా.

"అమ్మయ్య," అంది క్రిస్టీ. ఆ పిల్ల నోట తెలుగు వినడం నాకదే మొదలు.

తాత తలుపు తోసుకుని ఛాతీ విరుచుకుని వచ్చాడు. "సెవులంటే ఇవీ. మీకు ఇయర్‌ఫోన్లెట్టీ ఎట్టీ పోనాయి."

షో రోజున జనం గోడలకు కూడా ఆనుకుని నిలబడ్డారు. భోంపు మోగగానే ముందు వరసలో రిటైరైన పెద్దలంతా ఒక్కసారిగా వాచీలు చూసుకున్నారు. ఒకాయన టిఫిన్ డబ్బా కోసం పక్కన తడుముకున్నాడు. ఆ భోంపుతో లేచి, ఆ భోంపుతో తిని, పిల్లల్ని పెంచుకున్నవాళ్లు. చివర్లో రైలు ఆగింది, గంట మోగింది, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఇళ్లకు వెళుతూ జనం చప్పుడు ఎక్కడనుంచి వచ్చిందోనని బెంచీల కింద వెతికారు. బాబాయికి అంతకంటే పెద్ద దండ అక్కర్లేదు.

అందరూ వెళ్లాక సామాను సర్దడానికి గంటగదిలోకి వెళ్లాను. తాడు కింద తాత నిలబడే చెక్కపలక ఉంది. నేను దాని మీద కాలు పెట్టేసరికి, హాల్లో బాబాయి ఆఖరిసారి పరీక్షకని రైలు నడిపిస్తున్నాడు. నా అరికాళ్లు జివ్వుమన్నాయి. రైలు ఆగింది. పలకా ఆగింది.

పలక ఎత్తి చూశాను. అడుగున పాత వూఫర్ స్పీకరు ఒకటి అతికించి ఉంది. కాగితం చీల్చేసి, అయస్కాంతమూ కాయిలూ మాత్రం ఉంచాడు. అది కూయదు, పలకను వణికిస్తుంది. దాని వైరుకూ ఇటుకపొడి పూసి ఉంది, పలక కింద ఎవరు చూస్తారని అనుకోకుండా.

"ఎలక బతికే ఉందేటి?"

వెనక తోమాస్ తాత. నేను పలక దించేశాను. "ఏ ఎలుక తాతా?" అని చేత్తో సైగ చేశాను.

"ఆ పలక కిందదే. రైలు నడిసినంతసేపూ అరికాలు కొరుకుతది, రైలాగితే అదీ ఆగిపోతది. హేమర్ షాపులో బతుకంతా నిలబడ్డ కాళ్లురా ఇవి. సుత్తి పడితే ముందు తెలిసేది పాదాలికే." తాత నా చెవి దగ్గరకు వంగి గొంతు తగ్గించాడు. "అగస్టినుకి సెప్పకు. ఎవులికీ కనబడ్నేదనుకుంటన్నాడు. బాధపడతాడు."

తాత గొంతు తగ్గించాననుకున్నాడు, అంతే. హేమర్ షాపు గుసగుస అది. తలుపు తీసి ఉంది. ఆ మాట హాలంతా తిరిగి పీఠం దగ్గర గోడకు తగిలింది.

నేను హాల్లోకి వచ్చేసరికి బాబాయి తల వంచుకుని వైరు చుడుతున్నాడు. చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

"తాతేటన్నాడు?"

"చెవులు బాగా పనిచేస్తున్నాయన్నాడు."

"మరి పన్జెయ్యవా," అన్నాడు బాబాయి.

ఫాదర్ గారు వచ్చారు. బాబాయి యాంప్లిఫయర్ గది తాళంచెవి రుమాలుతో తుడిచి ఆయన చేతిలో పెట్టాడు.

"అంతా అప్పగించినట్టేనా అగస్టిన్? ఇంకేమీ లేదు కదా?"

బాబాయి గంటగది వైపు ఒకసారి చూశాడు. తాత గుమ్మంలో నిలబడి పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు.

"కనబడేదేటీ నేదు ఫాదర్," అన్నాడు బాబాయి.