ఉడుతను చూడ్డానికి మామ ప్రయాణం

మామ పోయాడని కోవిల్‌పట్టి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను విరుదునగర్‌లో, మా బడిలో, పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. చేతిలో ఉన్న పేపరు పూర్తిగా దిద్ది, మార్కులు వేసి, అప్పుడు లేచాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ వెంటనే రావడం లేదు. బస్సు సాత్తూరు దాటాక వచ్చింది.

ఆయన మా అమ్మ తమ్ముడు. అగ్గిపెట్టెల మీద అంటించే లేబుళ్ళకు బొమ్మలు గీసేవాడు. లేబులు రెండు వేళ్ళ వెడల్పే అయినా, గీసే కాగితం పళ్ళెమంత ఉండేది. “పెట్టి మింద కన్ను కనపడాలంటే కాగితం మింద గోలీకాయంత ఉండాల పాపా” అనేవాడు. ఆంధ్రకు పోయే పెట్టెలకు తెలుగు అక్షరాలు కూడా ఆయనే గీసేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, తమిళ బడుల్లో చదివిన మాలో చాలామందికి లాగే ఆయనకూ తెలుగు చదవడం రాదు. అక్షరాలను కూడా బొమ్మల్లాగే చూసి దించేవాడు. ఎవరింటికి పోయినా నేరుగా వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కనున్న అగ్గిపెట్టె తీసి తిప్పి చూసేవాడు. తను గీసింది కాకపోతే మర్యాదగా అక్కడే పెట్టేసేవాడు.

బొమ్మ కింద పేరు పెట్టుకునే అలవాటు ఆ పనిలో ఎవరికీ లేదు. గీసిన కాగితం ప్రెస్సుకు ఇచ్చాక అది ప్రెస్సుదే, మళ్ళీ కంటికి కనపడదు. తొంభైల్లో ప్రెస్సుకు కంప్యూటరు వచ్చింది, మామ ఇంటికొచ్చాడు. కొన్నాళ్ళు అంగళ్ళకు బోర్డులు రాశాడు. ఫ్లెక్సులు వచ్చి అదీ పోయింది. ఆయన ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త బాగుండేది.

అలాంటి మనిషికి, పని పోయిన చాలా ఏళ్ళ తర్వాత, ఒక ఆగస్టులో మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. కొత్తకాలపు చిత్రకారుల బొమ్మలు పెట్టే గేలరీ వాళ్ళు రాశారు. ప్రెస్సు అటకమీద దొరికిన పాత బొమ్మలను ఎవరో కొనుక్కుపోయారట. అందులో మామ గీసిన ఉడుతను, జామకాయ కొరుకుతున్న దాన్ని, ఫ్రేము కట్టి గోడకు పెట్టారట. వచ్చి చూడమని పిలుపు. ఇంగ్లీషు ఉత్తరం కాబట్టి ఆ ఆదివారం నాచేత చదివించుకున్నారు.

“ఉడతను చూసేదానికి మద్రాసా?” అంది అత్త. “మన బియ్యం డబ్బా మింద అంటించి ఉండాదే, ఆడ చూసుకోరాదా?”

“అది అచ్చు వేసింది. నా చేత్తో గీసింది ఆడ ఉండాది. దాన్ని చూసి ముప్పై ఏండ్లాయ” అన్నాడు మామ. తనకోసం ఆయన ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు.

ఆ క్షణం నుంచి ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. పాత క్యాలెండరు కాగితం వెనక మామ అన్నీ గీసుకున్నాడు. వాళ్ళిద్దరూ కోవిల్‌పట్టిలో రైలెక్కాలి, నేను విరుదునగర్‌లో అదే పెట్టెలో ఎక్కాలి. చెప్పులు బయట విడవాలా, లోపలికి పులిహోర పొట్లం రానిస్తారా, వేలు పెట్టి చూపిస్తే ఏమైనా అంటారా అని నన్ను అడిగేవాడు. నేనూ ఎన్నడూ గేలరీ మొహం చూసినదాన్ని కాదు. తెలిసినట్టే జవాబులు చెప్పాను.

“ఎప్పుడు పోదాము పాపా?”

“దీపావళి కానీ మామా.”

మా వైపు ఎవరైనా ఇదే అంటారు. వెంబకోట్టై నుంచి మా ఊళ్ళ దాకా ఇంటికొకరు టపాకాయల పనిలోనో అగ్గిపెట్టెల పనిలోనో ఉంటారు. దీపావళి దాకా ఊపిరి తీసుకునే వీలుండదు, ఆ తర్వాత నెల రోజులు ఊళ్ళకు ఊళ్ళకే తీరిక. పెళ్ళిచూపులు, కంటి ఆపరేషను, ఇంటికి సున్నం, అన్నీ దీపావళి తర్వాతే. నాకు టపాకాయల పని లేదు, మామకు ఏ పనీ లేదు. అయినా నోటికి అదే వచ్చింది. నిజం చెప్పాలంటే అప్పటికి నేను బాగా అలసిపోయి ఉన్నాను. బడి, ఇల్లు, మంచం పట్టిన మా ఆయన తల్లి. ఇంకొక పని నెత్తికెత్తుకునే ఓపిక లేదు.

“అన్నాళ్ళు ఉంటాదా?”

“గోడకు కొట్టింది ఎక్కడికి పోతాది మామా?”

ఉత్తరంలో రెండు తేదీలు ఉన్నాయి. తిరునాళ్ళలాగా వేడుక జరిగే రోజులు అనుకున్నాను. మా ఇళ్ళలో ఒకసారి గోడకెక్కిన పటం మనుషులు పోయినా అక్కడే ఉంటుంది. బొమ్మలకూ గడువు ఉంటుందని నాకు తట్టలేదు.

దీపావళి అయిన రెండో వారం ముగ్గురం పోయాం. మామ ఇస్త్రీ చొక్కా నలగకూడదని రైల్లో వీపు ఆనించకుండా కూర్చున్నాడు. గేలరీలో ఇనుప తీగలు వేలాడుతున్నాయి, ఒక టీవీలో ఎవరో కుర్చీని ఈడుస్తున్నారు. బల్ల దగ్గరి అమ్మాయి మా ఉత్తరం చూసి లేచి నిలబడింది. ఆ ప్రదర్శన సెప్టెంబరుతోనే అయిపోయిందనీ, ఉడుత బొమ్మ బొంబాయిలో దాని సొంతదారు ఇంటికి వెళ్ళిపోయిందనీ చాలా మెల్లగా చెప్పింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

“తప్పు నాది మామా. తేదీలు సరిగ్గా చదవలేదు” అన్నాను.

“వదులు పాపా. నువ్వు మాత్రం ఎన్నని చూస్తావు?” అన్నాడు. ఆ మాటకు బదులు ఆయన నాలుగు తిట్టినా మోసేదాన్ని. ఈ మాట ఇప్పటికీ మోయలేకుండా ఉన్నాను.

తర్వాత ఆ అమ్మాయిని తమిళంలో అడిగాడు, బొమ్మ ఎక్కడ ఉండింది అని. ఆమె వెనక గదిలోకి తీసుకెళ్ళి ఒక గోడ చూపించింది. కొత్తగా తెల్ల రంగు వేసి ఉంది. దానిమీద ఇంకా ఏమీ పెట్టలేదు. మామ కళ్ళద్దాలు తీసి, గోడకు దగ్గరగా పోయి, బొటనవేలితో తడిమి, మేకు కొట్టి పూడ్చిన చోటు పట్టుకున్నాడు. అక్కడి నుంచి కిందికి జానతో కొలిచాడు.

“సరైన ఎత్తులోనే పెట్టినారు” అన్నాడు.

కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. అత్తను చేయి చాపి పిలిచాడు. ప్రయాణమంతా ఎగతాళి చేస్తూ వచ్చిన అత్త, చెంగు సవరించుకుని, వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ ఆ తెల్ల గోడను చూస్తూ నిలబడ్డారు. అత్త మెల్లగా అడిగింది:

“తోక ఏ పక్క ఉండాది?”

మామ వేలెత్తి చూపించాడు.